కడగని తల

బోధన్ షుగర్ ఫ్యాక్టరీ మూతపడిన రెండో ఏడు, జూన్ మొదటి వారంలో, నన్ను నిజామాబాద్ నుంచి బోధన్ వైపున్న ఒక ముప్పై పడకల ప్రభుత్వ ఆసుపత్రికి డిప్యుటేషన్ మీద పంపారు. డిప్యుటేషన్ అంటే పేరు ఒక ఆసుపత్రి రిజిస్టర్లో, చాకిరీ ఇంకో ఆసుపత్రిలో. అప్పటికి నాకు స్టాఫ్ నర్సుగా ఇరవై రెండేళ్ళ సర్వీసు. హెడ్ నర్సు ప్రమోషన్ల జాబితాలో నా పేరుందని అందరూ అనేవారు. ఆ జాబితాను మాత్రం ఎవరూ చూసినవాళ్ళు లేరు.

వెళ్ళిన వారానికే ఇద్దరు సిస్టర్లు సెలవు పెట్టారు. ఒకామెకు కాన్పు, ఇంకొకామెకు కాలు విరిగింది. వాళ్ళను తప్పు పట్టే పని లేదు. దాంతో పొద్దున డ్యూటీ, మధ్యాహ్నం డ్యూటీ రెండూ నా మెడకు చుట్టుకున్నాయి. ఈ సంగతి ముందే చెబుతున్నది సాకు కోసం కాదు. జరిగిన దాంట్లో దానికీ ఒక పాలు ఉంది, అంతే.

మా వైపు జూన్ అంటే పురుగుమందు కేసుల నెల. మృగశిర కార్తెలో నాలుగు చినుకులు పడగానే పొలాలన్నీ మనుషులతో నిండిపోతాయి, వెనకే మా క్యాజువాలిటీ కూడా. మందు కేసు అనగానే తాగిన కేసు అనుకోవడం మాకు అలవాటు. చేలో పని చేస్తుండగా చర్మం గుండా మందు ఎక్కి వచ్చేవాళ్ళూ ఉంటారు. కానీ వాళ్ళు మందు పేరు చెప్పరు, ఎండ గొట్టిందంటారు. వాళ్ళకు నిజంగానే తెలియదు.

గంగామణి కూడా ఎండదెబ్బ పేరు మీదే వచ్చింది. పదకొండు గంటలప్పుడు ఆటోలో తెచ్చారు. ఇరవై ఆరు, ఇరవై ఏడేళ్ళ మనిషి, కూలికి పోయేది. వెంట వచ్చిన తోటి కూలీ ఆమె, "గంప దించింది, వాంతి చేసుకున్నది, గంతే అక్కా, కూలవడ్డది. ఎండ గొట్టింది గావొచ్చు" అన్నది. ఎండదెబ్బ తగిలిన మనిషి ఒళ్ళు పొడిగా కాలుతుంది. గంగామణి రవిక పిండితే చెమట కారేటట్టు ఉంది. నోటి నుంచి చొంగ, ముక్కు నుంచి నీరు. తొడల మీద కండలు వాటంతట అవే అదురుతున్నాయి. టార్చి వేసి చూస్తే కంటిపాపలు సూదిమొనంత. నాడి యాభై దాటడం లేదు.

డ్యూటీ డాక్టర్ శ్రీకాంత్ చదువు ముగించి వచ్చి ఏడాది కాలేదు. కుర్రవాడే గాని చేతులు వణకని మనిషి. స్టెత్ పెట్టగానే ఊపిరితిత్తుల నిండా గరగర వినపడిందని చెప్పాడు. ఈ జాతి పురుగుమందులు చేసే పని ఒక్కటే. నరాల కబురు ఆగవలసిన చోట ఆగకుండా చేస్తాయి. గ్రంథులన్నీ ఒకేసారి నీళ్ళు వదులుతాయి, ఛాతీ నిండిపోతుంది. దానికి విరుగుడు అట్రోపిన్. ఇచ్చి అయిదు నిమిషాలు చూడాలి, ఛాతీ పొడిబారకపోతే రెండింతలు ఇవ్వాలి, మళ్ళీ చూడాలి. కొత్తవాళ్ళు కంటిపాప పెద్దదవగానే గెలిచామనుకొని ఆపేస్తారు. చూడవలసింది కన్ను కాదు, ఛాతీ. నాలుగు విడతలకు గరగర తగ్గింది, నాడి తొంభైకి వచ్చింది. తర్వాత ఆ అట్రోపిన్‌నే సెలైన్లో కలిపి చుక్కలు చుక్కలుగా ఎక్కించాం, కండల అదురుకు రెండో ఇంజెక్షన్ పెట్టాం. మందు కేసు గనుక పోలీసు స్టేషనుకు కాగితం పోయింది. అది రూలు.

ఈలోగా గంగామణి పనికి పోయిన పొలం రైతు తమ్ముడు మందు సీసా పట్టుకొచ్చాడు. అసలు కథ అప్పుడు తెలిసింది. ఆ రైతు ఏళ్ళ తరబడి చెరుకు వేసినవాడు. ఫ్యాక్టరీ మూతపడ్డాక చెరుకు కొనే దిక్కులేక, ఆర్మూర్ వైపు వాళ్ళను చూసి ఆ ఏడే మొదటిసారి పసుపు పెట్టాడు. పసుపు విత్తనపు కొమ్ములను మందు నీళ్ళలో నానబెట్టి, తీసి నీడన ఆరబెట్టి, అప్పుడు నాటాలి. పసుపు ఎరిగినవాళ్ళు ఆ ఆరబెట్టే పని మానరు. ఈయన చెరుకు ముక్కలను నానబెట్టి తడితడిగానే చాళ్ళలో పరిచిన అలవాటు మనిషి. పైగా వాన పడింది, తొందర. తొట్టిలోంచి తీసిన కొమ్ములను తీసినట్టే వెదురు గంపలకు ఎత్తించాడు. గంప మోసింది గంగామణి. నెత్తిన చుట్టబట్ట పెట్టుకొని, దాని మీద గంప పెట్టుకొని, పొద్దున ఏడింటి నుంచి తొట్టికీ చాళ్ళకూ మధ్య తిరిగింది. గంప కారుతూనే ఉంది.

ఇలాంటి కేసులో విరుగుడు ఎంత ముఖ్యమో కడగడం అంత ముఖ్యం. బట్టలు తీసి సంచిలో మూటగట్టాలి. గ్లవ్స్ వేసుకొని సబ్బుతో నెత్తి నుంచి గోళ్ళ దాకా కడగాలి. నెత్తి నుంచి అన్న మాట నాకు ట్రైనింగులో మొదటి ఏడాదే చెప్పారు. నేను చీర, రవిక తీయించి, భుజాలు, చేతులు, వీపు, కాళ్ళు రెండుసార్లు కడిగాను. కొప్పు విప్పబోతుండగా తల్లి వచ్చింది.

ఆమె పేరు సాయవ్వ. ఇంట్లో బీడీలు చుట్టే మనిషి, ఒళ్ళో చాట దించేసి పరుగున వచ్చినట్టుంది, వేళ్ళకు ఇంకా పొగాకు అంటుకొని ఉంది. నా చేతిలో చెంబు చూసి మంచానికి అడ్డం నిలబడింది.

"వద్దు సిస్టరమ్మా. పండవెట్టి నెత్తి మీద నీళ్ళు పోసేది సచ్చినోళ్ళకు. నా బిడ్డ బతికే ఉన్నది."

"నెత్తిల మందు ఉంటది సాయవ్వా, కడగాలె" అన్నాను.

"నీ కాళ్ళు మొక్కుత. నా కండ్ల ముందట గా పని చెయ్యకు."

నా చెయ్యి గట్టిగా పట్టుకొంది. ఆ వైపు పడకలో ఒక పిల్లవాడి సెలైను అయిపోయింది, వాళ్ళ నాయన పిలుస్తున్నాడు. తలుపు దగ్గర ఇంకో కేసు దిగుతోంది. డాక్టరు అక్కడికి పోయాడు. ఆయన్ను కేకేస్తే వచ్చేవాడు. నేను కేకేయలేదు. ఎవరితోనూ ఒక్క మాట ఎక్కువ మాట్లాడే ఓపిక ఆ నిమిషాన నాకు లేదు. తడిగుడ్డతో నుదురు, చెవుల వెనక తుడిచి చెంబు కింద పెట్టాను. తర్వాత కడుగుదామనుకున్నాను. కేస్ షీటులో మాత్రం "ఒళ్ళంతా సబ్బుతో కడగడమైంది" అని రాసి, సమయం వేసి, సంతకం చేశాను. రోజూ రాసే వాక్యమే గనుక చెయ్యి దానంతట అదే రాసింది. ఆ తర్వాత ఆ సంగతే మరిచిపోయాను.

సాయంత్రానికి గంగామణి కళ్ళు తెరిచింది. పేరు అడిగితే చెప్పింది. సాయవ్వ మంచం మీద కూర్చొని బిడ్డ తల ఒళ్ళో పెట్టుకొని నిమురుతూ ఉంది. చూసి, ఈ కేసు గట్టెక్కిందనుకొని ఇంటికి పోయాను.

మరునాడు ఏడింటికి నేను వచ్చేసరికి, రాత్రి డ్యూటీ సిస్టరు మొహం వేలాడేసుకొని ఉంది. రాత్రంతా తగ్గడం, మళ్ళీ ఎక్కడం అట. చుక్కలు తగ్గిస్తే చెమటలు, పెంచితే కలవరింతలు. అట్రోపిన్ ఎక్కువైతే మనిషి, లేని పురుగులను గాలిలో ఏరుతుంటాడు, దుప్పటి పీకుతుంటాడు. గంగామణి రెండూ చేస్తోంది. ఎనిమిదింటికి ఛాతీలో మళ్ళీ గరగర మొదలైంది, పాపలు మళ్ళీ సూదిమొనలు. ఉన్న అట్రోపిన్ అంతా వాడేసి, పక్క ఆసుపత్రికి మనిషిని పంపాం. మా దగ్గర ఊపిరి పోసే మిషన్ లేదు. ఇలాగే ఇంకో పూట గడిస్తే ఆమె ఛాతీ నిలవదని నాకూ శ్రీకాంత్‌కూ తెలుసు.

శ్రీకాంత్ కేస్ షీటు ముందేసుకొని ఆలోచించాడు. కడిగేశారు. విరుగుడు సరిపోయినంత పోయింది. అయినా మందు కొత్తగా ఎక్కుతున్నట్టే ఉంది. అలాంటప్పుడు మిగిలేది కడుపు ఒక్కటే. ఈమె తాగి ఉంటుంది, చెప్పడం లేదు, అన్నాడు. ఆ షీటు ప్రకారం ఆలోచిస్తే ఎవరైనా అదే అంటారు. ఆ మాట వరండాలో ఉన్న కానిస్టేబుల్ చెవిన పడింది. అతను సాయవ్వను పక్కకు పిలిచాడు.

"ఇంట్ల ఏం లొల్లి అయింది? నిజం చెప్పు అవ్వా. తాగిందా, తాపిచ్చిన్రా? అల్లుడు యాడున్నడు?"

సాయవ్వ గోడకు ఆనుకొని నిలబడింది. "సారూ, నా బిడ్డ పొద్దుగాల సద్ది కట్టుకొని పనికి వోయింది. సావాలనుకున్నోళ్ళు సద్ది కట్టుకుంటరా?" అన్నది.

అంటూనే వంగి అక్కడే వాంతి చేసుకుంది. రాత్రంతా నిద్ర లేదు, భయం, పైగా ఖాళీ కడుపు, అనుకొని నేను పట్టుకొని బల్ల మీద కూర్చోబెట్టాను. నోటి చివర చొంగ కారుతోంది. కొంగుతో తుడుచుకుంటే మళ్ళీ కారుతోంది. మొహం చెమట. "కండ్లకు మసక గొడుతున్నది అమ్మా" అన్నది. టార్చి తీసి చూశాను. తల్లి కంటిపాపలు కూడా సూదిమొనలే.

సాయవ్వ పొలానికి పోలేదు. తొట్టి దగ్గరికి పోలేదు. నిన్న మధ్యాహ్నం దాకా బీడీలు చుట్టింది, తర్వాత ఈ వార్డు దాటలేదు. ఆమె ఒళ్ళో పెట్టుకొన్నది బిడ్డ తల. నిమిరింది ఆ జుట్టు. ఆ చేత్తోనే బుక్కెడు అన్నం తిన్నది, ఆ చేత్తోనే వక్కాకు వేసుకొంది.

మంచం దగ్గరికి పోయి, గ్లవ్స్ వేసుకొని, గంగామణి కొప్పు విప్పాను. పైన ఆరినట్టున్నా లోపల ఇంకా చెమ్మగానే ఉంది. కొబ్బరినూనె దట్టంగా పట్టిన జుట్టు మందును పట్టి ఉంచింది. ఆ వాసన వార్డు మందుల వాసన కాదు, సీసా మూత తీస్తే వచ్చే వాసన. ఇరవై రెండు గంటలుగా మేము నరం గుండా విరుగుడు ఎక్కిస్తున్నాం, ఈ కొప్పు మాడు గుండా మందు ఎక్కిస్తోంది.

శ్రీకాంత్‌తో, "సార్, నిన్న తల కడగలేదు. కడిగినట్టు రాశాను" అన్నాను. ఆయన షీటు పక్కన పెట్టి, ముందు కడగండి, అన్నాడు. పక్క ఆసుపత్రి నుంచి అప్పుడే వచ్చిన అట్రోపిన్‌తో తల్లికి సూది ఆయనే వేశాడు.

సాయవ్వ మళ్ళీ వద్దంటుందని నాకు తెలుసు. ఈసారి చెంబు పట్టుకొని పోలేదు. ఆమె పక్కన కూర్చొని అడిగాను. "అవ్వా, నీకు నెత్తి మీద నీళ్ళంటే భయమా? పండవెట్టి పోసుడంటే భయమా?"

ఆమెకు నా ప్రశ్నే వింతగా తోచింది. "పండవెట్టి పోసుడే. కూసున్నోళ్ళకు పోస్తే తానం గద. గది రోజు పోసుకునేదే" అన్నది.

అంతే సంగతి. ముందురోజే ఆ ఒక్క మాట అడిగి ఉంటే సరిపోయేది. శ్రీకాంతూ నేనూ గంగామణిని చంకల కింద పట్టి లేపి, వీపుకు దిండ్లు పెట్టి కూర్చోబెట్టాం. సాయవ్వకు గ్లవ్స్ తొడిగి మొదటి చెంబు ఆమె చేతనే పోయించాను. సబ్బు పెట్టి మూడుసార్లు కడిగాం. మొదటి నీళ్ళు తెల్లగా, పాలు కలిపినట్టు పోయాయి. మూడోసారికి మామూలు సబ్బు నీళ్ళు వచ్చాయి. తర్వాత సాయవ్వ చేతులు, ఒళ్ళు కడిగించి, చీర మార్పించాం.

రెండు గంటల్లో గంగామణి చెమటలు తగ్గాయి. చుక్కలు సగానికి తగ్గించినా ఛాతీ పొడిగా నిలిచింది. అయినా ఇక మా దగ్గర ఉంచకూడదని, నిజామాబాద్ పెద్దాసుపత్రికి పంపాలని శ్రీకాంత్ నిర్ణయించాడు. షీటు నకలు తీసే ముందు నా వైపు తిరిగి, మెల్లగా చెప్పాడు. ఈరోజు తేదీతో "మళ్ళీ కడిగాం" అని ఒక లైను రాస్తే చాలదా సిస్టర్, పాతది కదపడం ఎందుకు, పోలీసు కేసు కూడా ఉంది కదా. ఆయన నా మేలు కోరే అన్నాడు. ప్రమోషన్ల జాబితా సంగతి ఆయనకూ తెలుసు.

"మళ్ళీ" అని రాస్తే నిన్న కూడా కడిగినట్టే అవుతుంది. అప్పుడు గంగామణి తాగిన మనిషిగానే నిజామాబాద్ పోతుంది, కానిస్టేబుల్ ఆమె మొగుణ్ణి వెతుక్కుంటూ పోతాడు. నేను పాత వాక్యం కొట్టేయలేదు. కేస్ షీటులో కొట్టివేత పనికిరాదు. దాని కింద గీత గీసి, "నిన్న తల కడగలేదు. పైన రాసినది సరికాదు. నెత్తిన గంప మోయడం వల్ల జుట్టులో చేరిన మందు ఇక్కడికి వచ్చాక కూడా ఇరవై రెండు గంటలు ఉంది. ఈరోజు కడగడమైంది" అని రాసి, సమయం వేసి, పూర్తి పేరుతో సంతకం చేశాను. ధైర్యవంతురాలినని చెప్పుకోను. భయం వేసింది, అయినా రాశాను.

ఆ నాలుగు వాక్యాలు ఎంత పని చేశాయో తర్వాత తెలిసింది. నిజామాబాద్‌లో ఆమెను చూసిన పెద్ద డాక్టరు, రోగి బాగానే కనపడుతున్నా, ఇరవై రెండు గంటలు అన్న మాట చదివి జనరల్ వార్డుకు పంపలేదట. మిషన్ ఉన్న గదిలోనే ఉంచి, పూటపూటకూ దిండు మీంచి తల ఎత్తమని అడిగించాడట. ఈ మందులకు రెండో దెబ్బ ఒకటి ఉంటుంది. మొదటిది తగ్గింది, గండం గడిచిందనుకున్న రెండు మూడు రోజులకు మెడ కండరాలు, వాటి వెంట ఊపిరి కండరాలు పట్టు వదిలేస్తాయి. దానికి అట్రోపిన్ పని చేయదు. నాలుగో రోజు మధ్యాహ్నం గంగామణి తల ఎత్తలేకపోయింది. అరగంటలో గొట్టం వేసి మిషన్ మీద పెట్టారు. పదకొండు రోజులు మిషన్ మీదే ఉంది. జనరల్ వార్డులో ఉంటే ఊపిరి ఆగేదాకా ఎవరూ గమనించేవారు కాదని అక్కడి సిస్టరు నాకు చెప్పింది. పోలీసు కాగితంలో "పొలం పనిలో ప్రమాదం" అని రాశారు.

నాకు మెమో వచ్చింది. తప్పుడు నమోదు చేసినందుకు సంజాయిషీ చెప్పమన్నారు. చేసినది నిజమేనని ఒక్క లైను రాసి ఇచ్చాను. ఆ ఏడు హెడ్ నర్సు పోస్టు నాకంటే నాలుగేళ్ళు చిన్నదానికి పోయింది. నాకు మూడేళ్ళు ఆగి వచ్చింది. కోపం రాలేదంటే అబద్ధం. కానీ ఎవరి మీద పడాలో తెలియని కోపం అది.

నెల దాటాక ఒక పొద్దున ఓపీ బల్ల మీద తల్లీబిడ్డలు కనిపించారు. బలం మాత్రల కోసం వచ్చారు. మిషన్ గొట్టం వల్ల గంగామణి గొంతు ఇంకా బొంగురుగా ఉంది. జుట్టు కురచగా కత్తిరించి ఉంది. నన్ను గుర్తుపట్టలేదు, పట్టే వీలూ లేదు. సాయవ్వ మాత్రం లేచి వచ్చి నా చెయ్యి పట్టుకొంది, మొదటి రోజు పట్టుకొన్నట్టే. దండం పెడుతుందేమోనని భయపడ్డాను. పెట్టలేదు. చాలా రోజులుగా మనసులో పెట్టుకొన్న మాట అడిగినట్టు, నెమ్మదిగా అడిగింది.

"మాకేం ఎరుక సిస్టరమ్మా, బీడీలు సుట్టేటోళ్ళం. నీకు ఎరుకే గద. నేను వద్దంటే నువ్వెందుకిన్నవ్?"

అందులో నిష్ఠూరం లేదు. నిజంగానే తెలుసుకోవాలని అడిగింది. నేను చేసిన తప్పుకు నాకు వచ్చిన మెమోలో కూడా ఆ ప్రశ్న లేదు. "ఓపిక లేకుండె అవ్వా" అన్నాను. ఆమె తల ఊపి, పోయి బిడ్డ పక్కన కూర్చొంది. మాత్రలు తీసుకొని ఇద్దరూ బస్సుకు పోయారు.

ఆ కేసు నాకు నేర్పింది రెండు పనులు. రోగి తాలూకు మనిషి వద్దన్నప్పుడు ఒప్పుకోకూడదు, కొట్లాడకూడదు. ఏది వద్దంటున్నారో, ఎందుకు వద్దంటున్నారో కూర్చొని అడగాలి. దానికి రెండు నిమిషాలు పడుతుంది, ఆ రెండు నిమిషాలు లేవనిపించిన రోజే తప్పకుండా అడగాలి. రెండోది, షీటులో చేసినదే కాదు, చేయనిది కూడా రాయాలి. రిటైరయ్యే దాకా నా షీట్లలో, కడిగిన వాటి కింద "కడగనిది" అని ఇంకో వరుస ఉండేది. చాలా రోజులు అందులో "ఏమీ లేదు" అనే రాశాను. రాసే ముందు ప్రతిసారీ పోయి కొప్పు విప్పి చూసేదాన్ని.